నర్సమ్మ ఫోను చేస్తే చాలదు, మాత్ర కూడా చేరాలి

షుగరు, బి.పి. అంటే కూర్చుని తినేవాళ్ల జబ్బులని ఒకప్పుడు పల్లెల్లో నవ్వుకునేవాళ్లు. ఆ మాట ఇప్పుడు చెల్లదు. చెనిక్కాయ చేలో కలుపు తీసే అవ్వకు షుగరు వుంది. మామిడి తోపులో కాయలు కోసే మనిషికి బి.పి. వుంది. గ్రానైట్ క్వారీలో రాయి కొట్టేవాడికి ఆయాసం వుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే దేశంలో షుగరు వున్నవాళ్లు 10 కోట్లకు పైగా, బి.పి. వున్నవాళ్లు 31 కోట్లకు పైగా అని లెక్క తేల్చింది. ఇంతమందీ మిద్దెల్లో కూర్చుని తినేవాళ్లు కాదు గదా!

ఈ జబ్బుల తీరు వేరు. చలిజ్వరమొస్తే మందు వేసుకుని నాలుగు రోజుల్లో పనికి పోవచ్చు. షుగరు, బి.పి., ఉబ్బసం, మూర్ఛ, గుండె బలహీనత అట్ల కాదు. వచ్చినాయంటే మనిషితోనే వుంటాయి. రోజూ మాత్ర మింగాలి. నెలనెలా చూపించుకోవాలి. తిండి మార్చుకోవాలి. బతుకంతా చేసుకోవలసిన వైద్యమిది.

కూలి మనిషి నెలనెలా ఆస్పత్రికి పోయి రావడమంటే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. రామకుప్పం అడవి అంచు పల్లె నుంచి కుప్పానికి పోవాలి. యర్రావారిపాళెం మండలం నుంచి తిరుపతి రుయాకు పోవాలి. పొద్దున బయలుదేరితే చీటీ రాయించి, వరుసలో నిలబడి, డాక్టరు దగ్గరికి పోయి, మాత్తర్లు తీసుకుని ఇల్లు చేరేసరికి దీపాలు పెడతారు. ఒక కూలి పోయె. తోడు పోయిన కొడుకుదో కోడలిదో ఇంకో కూలి పోయె. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు లేకుండా చేశారు, మంచిదే. కానీ బస్సు రాని పల్లె నుంచి రోడ్డు దాకా ఆటోకు ఇవ్వాల్సిందే. ఉచిత వైద్యమని బోర్డు మీద రాసినా, ఆ బోర్డు దగ్గరికి చేరేసరికే రెండు కూళ్లు కరిగిపోతాయి.

అందుకే రెండు నెలలు పోయి మూడో నెల మానుకుంటారు. మాత్తర్లు అయిపోయినా, "బాగానే వుండాను గదా" అని వూరుకుంటారు. బి.పి. నొప్పి పుట్టించదు, చప్పుడు చెయ్యదు. ఒకనాడు మూతి వంకరపోయి, కాలూ చెయ్యీ పడిపోయి మంచాన పడినప్పుడు తెలుస్తుంది. ఆనాటి నుంచి ఆ మనిషి కూలీ లేదు, ఆ మనిషిని చూసుకునేవాళ్ల కూలీ లేదు. అప్పు మొదలవుతుంది. సెంటు భూమి వున్నవాళ్లు అది అమ్ముకుంటారు.

నర్సు ఫోను ద్వారా రోగిని కనిపెట్టుకుని వుండడమనే పద్ధతిని ఈ కష్టంలో నుంచి చూడాలి. నర్సు తన దగ్గర రాసి పెట్టుకున్న రోగులకు వంతులవారీగా ఫోను చేస్తుంది. "అవ్వా, మాత్తర్లు యేసుకుంటా వుండావా? ఎన్ని మిగిలినాయి? పాదాలు వాచినాయా? పండుకుంటే వూపిరి ఆడతా వుందా? కాలికి పుండు ఏమన్నా లేసిందా?" అని అడుగుతుంది. అడగడం చిన్న పనిగానే కనిపిస్తుంది. కానీ గుండె బలహీనంగా వున్న మనిషి నాలుగు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగి పాదాలు వాచాయంటే వొంట్లో నీరు చేరుతోందని అర్థం. ఆ సంగతి ముందే పట్టుకుంటే మందు సరిచేసి ఆపవచ్చు. షుగరుతో కాళ్లు తిమ్మిరెక్కిన మనిషికి చేలో ముల్లు దిగినా తెలియదు. ఆ పుండు మొదట్లోనే చూస్తే కాలు దక్కుతుంది. షుగరు మాత్ర మింగి సంగటి తినకుండా ఎండలో పనికి దిగితే చెమటలు పట్టి, వణికి, పడిపోతారు. ఆ మాట ముందుగా చెప్పేవాళ్లుంటే ప్రాణం దక్కుతుంది. ఇన్సులిన్ సూది వేసుకునే మనిషి ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే, చల్లటి మట్టికుండలో మందును ఎట్ల దాచుకోవాలో చెప్పేదీ నర్సమ్మే.

ఇదంతా ఊహ కాదు. అర్జెంటీనా దేశంలో 51 వైద్య కేంద్రాలకు చెందిన 1,518 మంది గుండె బలహీనత రోగుల మీద దీన్ని పరీక్షించి చూశారు. ఫలితం 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. శిక్షణ పొందిన నర్సులు ఒక కేంద్రంలో కూర్చుని మొదట్లో 14 రోజులకొకసారి, తర్వాత జబ్బు తీవ్రతను బట్టి రోగులకు ఫోన్లు చేశారు. వొంట్లో నీరు తీసే మందు మోతాదును మార్చే అధికారం కూడా ఆ నర్సులకు ఇచ్చారు. ఫోన్లు అందని వాళ్లలో 100కి 22 మంది గుండె బలహీనత ముదిరి ఆస్పత్రిలో చేరితే, ఫోన్లు అందుకున్న వాళ్లలో 17 మందే చేరారు. చావుల సంఖ్యలో మాత్రం పెద్ద తేడా రాలేదు. కాబట్టి దీన్ని మంత్రమని చెప్పలేము. అయితే మామూలు ఫోను, చదువుకున్న నర్సు, వరుస తప్పని పలకరింపు, మందు మార్చే అధికారం – ఈ నాలుగూ కలిస్తే పేద మనిషి ఆస్పత్రి మంచం ఎక్కకుండా కొంతవరకు ఆపవచ్చని రుజువైంది.

మన జిల్లాకు ఈ సంగతి కొత్త కాదు. దూరవైద్యం చరిత్రలో చిత్తూరు జిల్లా పేరు మొదటి పేజీలోనే వుంది. తవణంపల్లె మండలం అరగొండలో అపోలో వాళ్ల ఆస్పత్రిని ఉపగ్రహం ద్వారా పట్నం డాక్టర్లతో కలిపారు. ఇస్రో సహకరించింది. 2000 మార్చి 24న హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. పల్లె రోగిని చెన్నై డాక్టరు తెర మీద చూడడం ఆనాడు ప్రపంచానికే వింత. పాతికేళ్లు గడిచాయి. ఆ వింత యంత్రంలో వున్న శక్తి ఇప్పుడు ప్రతి కూలివాడి కొడుకు జేబులోని సెల్‌ఫోనులో వుంది. అయినా ఆ అవ్వ మాత్తర్లు మూడో నెల ఎందుకు ఆగిపోతున్నాయి? యంత్రం కొరత తీరాక కూడా కొరత వుందంటే, ఆ కొరత ఇంకెక్కడో వుంది.

అరగొండ తర్వాత జరిగినవీ గుర్తు చేసుకోవాలి. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో 108 అంబులెన్సు మొదలైంది. 2007లో 104 ఫోను వచ్చింది. ఫోను చేస్తే హైదరాబాదు కేంద్రంలో శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది జబ్బు వివరం అడిగి సలహా చెప్పేవారు, అవసరమైతే డాక్టరుకు కలిపేవారు. తర్వాత 104 బండ్లు వచ్చాయి. పి.హెచ్.సి.కి 3 కిలోమీటర్లకు మించి దూరమున్న పల్లెలకు నెలకొకరోజు పోయి బి.పి., షుగరు, మూర్ఛ రోగులకు మందులిచ్చాయి. 104 బండి వచ్చే రోజు ముసలివాళ్లు రావిచెట్టు కింద కాచుకుని కూర్చునేవాళ్లు. జనం దాన్ని తమదిగా చేసుకున్నారు.

కానీ ఆ 104 నిర్వహణను సత్యం కంప్యూటర్స్ అధిపతుల చొరవతో ఏర్పడిన సంస్థకు అప్పగించారు. డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది, పెత్తనం ఆ సంస్థది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బద్దలైంది. ఆ సంస్థ తర్వాత పిరమల్ వాళ్ల చేతికి పోయింది. పల్లెలో మాత్ర మింగే ముసలవ్వకూ, హైదరాబాదులో షేర్ల లెక్కలకూ సంబంధమేమిటి? వుండకూడదు. కానీ జనం ఆరోగ్యాన్ని కంపెనీ చేతుల్లో పెడితే ఆ సంబంధం తనంతట తానే ఏర్పడుతుంది.

2019 నవంబరులో ఈ-సంజీవని అనే పద్ధతి దేశంలో మొట్టమొదట మన రాష్ట్రంలోనే మొదలైంది. వూరి ఆరోగ్య కేంద్రంలో వున్న నర్సు రోగిని పక్కన కూర్చోబెట్టుకుని దూరంలో వున్న డాక్టరుతో మాట్లాడిస్తుంది. 2020 మార్చి 25న కేంద్రం దూరవైద్యానికి నిబంధనలు ప్రకటించింది. పాత రోగికి ఇదివరకే నడుస్తున్న మందులను కొనసాగించమని డాక్టరు ఫోనులోనే చెప్పవచ్చునని అందులో వుంది. కరోనా కాలంలో 14410 అనే ఫోను నెంబరు పెట్టారు. 2025 జులైలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కుప్పం ఏరియా ఆస్పత్రిలో టాటా వాళ్ల సహకారంతో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభించారు. చుట్టుపక్కల పి.హెచ్.సి.లను, గ్రామ ఆరోగ్య కేంద్రాలను దానికి కలుపుతామన్నారు. అరగొండ నుంచి కుప్పం దాకా పాతికేళ్లలో ప్రారంభోత్సవాలకు లోటు లేదు.

వీటిని మనం ఎట్ల చూడాలి? యంత్రమొచ్చిందని చిందులెయ్యనక్కరలేదు, కంపెనీ వుందని మొత్తాన్నీ తోసెయ్యనక్కరలేదు. కూలి మనిషికి ఒక పూట కూలి మిగిల్చే పని ఏదైనా మనకు కావాలి. అయితే అది పని చెయ్యడానికి ఏమేమి కావాలో తెలుసుకోవాలి. ఆ పాఠం చెప్పే అనుభవం మన రాష్ట్రంలోనే వుంది.

పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పి.హెచ్.సి.ల కింద 54 పల్లెల్లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఫలితాలు 2019లో వచ్చాయి. ఆశా కార్యకర్తల చేతికి చిన్న కంప్యూటరు పలకలిచ్చారు. వాళ్లు ఇంటింటికీ పోయి బి.పి. చూశారు, గుండెపోటు ముప్పు వున్నవాళ్లను కనిపెట్టారు, డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు దగ్గరికి పోయినవాళ్ల సంఖ్య పెరిగింది. కానీ బి.పి. అదుపులోకి వచ్చినవాళ్లు ఎంతమంది అని లెక్క తీస్తే, ప్రయోగం జరిగిన కాలానికీ జరగని కాలానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు! ఆశా అక్కలు తమ పని తాము చేశారు. పలక కూడా పని చేసింది. కానీ ఆ పలక వెనక పి.హెచ్.సి.లో డాక్టరు ఎప్పుడూ వుండాలి, మాత్ర ఎడతెగకుండా దొరకాలి. ఆ గొలుసు బలహీనంగా వున్నచోట పలక ఎంత తెలివైనదైనా ఒరిగేది కొంచెమే.

మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవని మన సామెత. నర్సమ్మ మాట సెల్‌ఫోనులో కోటలు దాటి మన గుడిసెలోకి వస్తుంది. "మాత్తర్లు అయిపోయినాయి తల్లీ" అని అవ్వ అంటే, ఆ మాత్తర్లు గడప దాటి ఎవరు తెస్తారు? ఆ ప్రశ్నకు జవాబు లేని ఫోను ఎన్నిసార్లు మోగినా అవ్వకు బి.పి. తగ్గదు.

ఇంకా కొన్ని చిక్కులున్నాయి. చాలా కూలి ఇళ్లలో ఫోను ఒక్కటే, అది కొడుకు దగ్గర వుంటుంది. కొడుకు పొద్దున రైలెక్కి బెంగుళూరు పనికి పోతాడు. నర్సమ్మ ఉదయం పదకొండు గంటలకు చేస్తే ఎత్తేది బెంగుళూరు మేడ కట్టుబడిలో ఇటుకలు మోసే కొడుకు. అవ్వ పాదాలు వాచాయో లేదో వాడికేం తెలుసు? కూలి జనానికి ఫోను చెయ్యాలంటే సాయంత్రం పొయ్యి ముట్టించే వేళ చెయ్యాలి. కౌండిన్య అడవి పక్క పల్లెల్లో సిగ్నలు కోసం బండమీద కెక్కాల్సి వస్తుంది. అట్లాంటి చోట ఫోనును నమ్ముకోలేము, మనిషే నడిచి పోవాలి. భాష సంగతి కూడా వుంది. కుప్పం, సత్యవేడు వైపు ఇళ్లలో అరవం మాట్లాడేవాళ్లున్నారు. వి.కోట వైపు కన్నడం మాట్లాడేవాళ్లున్నారు. ఎక్కడో దూరాన కూర్చుని పుస్తకాల తెలుగులో అడిగితే అవ్వ "సరే సరే" అని పెట్టేస్తుంది. అవ్వ ముఖం ఎరిగిన నర్సు, అవ్వ గొంతు వినగానే ఆయాసం పెరిగిందని పసిగట్టే నర్సు ఫోను చెయ్యాలి. అంటే ఫోను పట్నంలోని కేంద్రంలో కాదు, వూరి ఆరోగ్య కేంద్రంలో వుండాలి.

ఇక ఆ నర్సు బతుకు చూద్దాం. గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో వున్న కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు నర్సింగు పట్టా పొందినవాళ్లు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. రోగిని చూడాలి, చూసిందంతా ఫోనులోని యాప్‌లలో ఎక్కించాలి, పైవాళ్లు పెట్టిన లెక్క పూర్తి చెయ్యాలి. 2025లో వీళ్లు ఉద్యోగ భద్రత కోసం, జీతాల కోసం రాష్ట్రమంతటా సమ్మె చెయ్యవలసి వచ్చింది. దీర్ఘకాలపు జబ్బుకు దీర్ఘకాలం వుండే నర్సు కావాలి. ఏడాదికొకసారి ఉద్యోగం వుంటుందో వూడుతుందో తెలియని మనిషి, బతుకంతా వుండే జబ్బును ఎట్ల కనిపెట్టుకుంటుంది? రోజుకు ఇన్ని ఫోన్లు చెయ్యాలని లెక్క పెడితే, మాట్లాడకుండానే మాట్లాడినట్టు ఎక్కించే దుస్థితి వస్తుంది. అవ్వ మనసు విప్పి చెప్పాలంటే అయిదు నిమిషాలు ఆగి వినే తీరిక నర్సుకు వుండాలి. నర్సమ్మ పని భారం తగ్గించమని అడగడం అంటే మన వైద్యం కోసం మనం అడగడమే. వాళ్ల సమ్మె దగ్గరికి కూలోళ్లు పోయి నిలబడడం ధర్మం.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి వుంది. "ఫోనులో చూస్తున్నాం గదా, మళ్లీ డాక్టరెందుకు?" అని రేపు పాలకులు అనవచ్చు. ఖాళీ పడిన డాక్టరు పోస్టు ఖాళీగానే వుంచి, తెర మీద డాక్టరును చూపించవచ్చు. గుండెలో నొప్పి, మూతి వంకరపోవడం, ఒక పక్క చచ్చుబడడం, ఆగని మూర్ఛ, పాముకాటు – వీటికి ఫోను సలహా పనికిరాదు. వెంటనే 108, ఆస్పత్రి, డాక్టరు కావాలి. షుగరు రోగి పుండును కళ్లతో చూడాలి, వేలితో తాకి చూడాలి. ఫోను అనేది డాక్టరుకూ నర్సుకూ తోడు. డాక్టరు బదులు ఫోనును ఇస్తామంటే అది మోసం.

కేరళలో ఇంకో దారి చూపించారు. 1993లో కోజికోడ్‌లో మొదలైన కారుణ్య వైద్యం, జనం చేరికతో వూళ్లకు పాకింది. 2008లో అక్కడి ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. పంచాయితీలు నర్సును పెట్టుకుని, మంచాన పడిన రోగుల ఇళ్లకు పంపుతున్నాయి. ఆ నర్సు ఇంటికి వస్తుంది గనుక, ఆమె ఫోను చేస్తే ఆ మాటకు విలువ వుంటుంది. ముందు ముఖ పరిచయం, తర్వాత ఫోను. ఈ వరస తిరగబడకూడదు.

కాబట్టి మన కోర్కెలు స్పష్టంగా వుండాలి.

ఒకటి: ప్రతి గ్రామ ఆరోగ్య కేంద్రంలో దీర్ఘకాలిక రోగుల పేర్ల పుస్తకం వుండాలి. ప్రతి రోగికీ కనీసం నెలకొకసారి ఫోను రావాలి, అది పని దిగి ఇంటికి చేరిన వేళలో రావాలి. సిగ్నలు లేని పల్లెకు మనిషి పోవాలి.

రెండు: బి.పి., షుగరు, ఉబ్బసం, మూర్ఛ మందులు ఎడతెగకుండా వూళ్లోనే ఇవ్వాలి. వలస పోయే కూలోళ్లకు రెండు మూడు నెలల మందు ఒక్కసారే ఇవ్వాలి. ఏ మందు ఎంత నిలవ వుందో కేంద్రం గోడ మీద రాయాలి.

మూడు: ఫోను చేసే నర్సులను పర్మినెంటు చెయ్యాలి. ఫోను ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి. ఇన్ని ఫోన్లు చెయ్యాలనే లెక్కతో వాళ్లను వేధించకూడదు.

నాలుగు: ఫోను వుందనే సాకుతో ఒక్క డాక్టరు పోస్టు, ఒక్క 104 బండి తగ్గించకూడదు.

అయిదు: రోగుల వివరాలు ప్రభుత్వం చేతిలోనే వుండాలి. ఏ కంపెనీ అయినా యంత్రం ఇవ్వవచ్చు, మన జబ్బుల చిట్టాను వ్యాపారానికి వాడకూడదు.

వీటి కోసం ఎవరో వస్తారని ఎదురు చూడనక్కరలేదు. ప్రతి వూళ్లో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ వుండాలని నిబంధన వుంది. మన వూళ్లో అది వుందా, కాగితం మీదేనా అని కార్యకర్తలు వెళ్లి అడగాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పి.హెచ్.సి.లో మందుల నిలవ ఎంత, డాక్టరు పోస్టులు ఎన్ని ఖాళీ అని అర్జీ పెట్టాలి. కూలి రేటు మీటింగు పెట్టుకున్న రోజే, ఈ వూళ్లో మాత్తర్లు మానేసినవాళ్లు ఎవరెవరు, ఎందుకు మానేశారు అని పది నిమిషాలు అడిగి రాసుకోవాలి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని పోతే మండలాఫీసులో మన మాటకు బలముంటుంది.

కూలి రేటు పెంచుకోవడానికి కొట్లాడుతాం. పెంచుకున్న కూలి ఆస్పత్రి దారిలో కరిగిపోకుండా చూసుకోవడం కూడా ఆ కొట్లాటలో భాగమే. నర్సమ్మ ఫోను మనకు కావాలి, ఆమె వెనక మాత్రా, డాక్టరూ, బండీ కూడా కావాలి. ఈ నాలుగూ కలిపి అడుగుదాం, వూరూరా అడుగుదాం.